కుడివైపు అద్దం

1998 మే 18, సోమవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలకు ఆ జీపు మా షాపు ముందు ఆగింది. ఎవరు వచ్చినా గడియారం చూడటం నాకు ఆఫీసులో అయిన అలవాటు. నందికొండలో ఆనకట్ట ఇంజనీర్ల డ్రాయింగు గదిలో ఇరవై రెండేళ్లు ట్రేసర్‌గా పనిచేశాను. ఇంజనీరు పెన్సిలుతో గీసిన పటాన్ని పలచటి కాగితం మీదికి సిరాతో ఎత్తడం ట్రేసర్ పని. గడువుకు ముందే రిటైరై, ఆ ఏడు మార్చిలో మహబూబ్‌నగర్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వచ్చాను. వాడిది వాహనాల స్టిక్కర్ల షాపు. కొత్తగా కంప్యూటరూ, దానికి తగిలించే కటింగ్ మిషనూ కొన్నాడు. "పెన్ను కన్న అల్కగుంటదక్కా, కూసో" అని నన్ను దాని ముందు కూర్చోబెట్టాడు.

జీపు అద్దానికి నల్ల ఫిల్ము వేయాలంటే ముందు దాని మీద పలచటి కాగితం పరిచి, రబ్బరు అంచు వెంట పెన్సిలు రుద్ది ఆకారం ఎత్తుకోవాలి. దాన్ని గ్రాఫ్ కాగితం మీద పెట్టి, మూలమూలకూ కొలత చదివి, తెర మీద చుక్కలు పెట్టాలి. చుక్కలను గీతతో కలిపి, మూలల దగ్గర వంపు సరిచేసి, చుట్టూ రెండు మిల్లీమీటర్లు తగ్గిస్తే ఆకారం సిద్ధం. మిషన్ బ్లేడు అలాగే కోస్తుంది. అంతకుముందు మా ఉస్తాద్, అంటే ఫిల్ము అతికించే పెద్దమనిషి, అద్దం మీదే ఫిల్ము పెట్టి బ్లేడుతో కోసేవాడు. అద్దాలకు గీతలు పడేవి. నేను వచ్చాక గీతలు పోయాయి. రెండు నెలల్లో ఒక్క ముక్క కూడా తప్పు పోలేదు. ఆ మాట నేను రోజుకొకసారైనా అనేదాన్ని.

ఎందుకు అనేదాన్నో కూడా రాయాలి. మా నాయిన ఆ ఆనకట్ట కట్టేటప్పుడు రాళ్లు మోసిన కూలి. మా వాళ్లలో ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషిని నేను. పక్క బల్ల ఆయన తప్పు గీస్తే "పాపం, ఎండకు కండ్లు తిరిగినయి" అనేవారు. నేను తప్పు గీస్తే "వీళ్లకు నౌకర్లిస్తే గిట్లనే ఉంటది" అనేవారు, నాకు వినబడేలాగే. తప్పు నాది కాదని అక్కడికక్కడే చూపించడం అలా అలవాటైంది. ఇది సాకు కాదు. ఆ సోమవారం నా ఎదుట ఉన్నవాళ్లు ఆ మాట అన్నవాళ్లు కారు.

జీపులోంచి ఇద్దరు దిగారు, తండ్రీ కొడుకూ. తండ్రికి హైదరాబాదు దవాఖానలో కడుపు ఆపరేషనైంది. ఆయన అక్కడున్న నెల రోజులూ పెద్ద కొడుకు దగ్గరుండి చూసుకుంటే, చిన్న కొడుకు మక్తల్ రూటులో జీపు నడిపాడు. ఇప్పుడు వచ్చింది ఈ చిన్నవాడే. నాయిన ఇల్లు చేరేసరికి జీపుకు కొత్త రంగు వేయించి పెట్టాడు. పెద్దాయన బెంచీ మీద కూర్చుని, చాయ్ తెప్పించుకుని, అడగకుండానే అన్నీ చెప్పాడు.

"పంతొమ్మిదేండ్లు నడిపిన బిడ్డా. దానికి గీత పడనియ్యలే. ఇగ నాతోని కాదు. పెద్దోడు ఎవుసం చూసుకుంటడు, బండి వీనికిస్తున్న. ఫిల్ములేసినంక ముంగటి అద్దం మీద నా పేరు తీసి వీని పేరు కొట్టున్రి."

ఫిల్ముల కన్నా ముందు పేరే కోసి పెట్టాను, ఎర్ర అక్షరాలతో. కొడుకు దాన్ని పట్టుకుని చూసి మళ్లీ బల్ల మీద పెట్టాడు. నవ్వలేదు. సిగ్గనుకున్నాను.

వెనక పొడుగు అద్దాలు రెండు. ఎడమదాని ఆకారం మాత్రమే ఎత్తాను. డ్రాయింగు గదిలో రెండు పక్కలా ఒకేలా ఉండే గేటుకు సగమే గీసేవాళ్లం. కాగితం తిరగేసి రెండో సగం ఎత్తేవాళ్లం. కంప్యూటర్లో అది ఇంకా తేలిక, ఒక్క నొక్కుతో బొమ్మ తిరగబడుతుంది. రెండు ముక్కలూ కోసి ఉస్తాద్‌కి ఇచ్చాను.

ఎడమవైపు అతికినట్టు సరిపోయింది. కుడివైపు కింది మూలన వేలు పట్టేంత సందు మిగిలి, అందులోంచి ఎండ పడింది. ఉస్తాద్ సబ్బునీళ్ల చేతులతోనే పగలబడి నవ్వాడు.

"ఏం మేడం, ఒక్క తప్పు లేదంటివి! గిదేంది, కిటికీకి కిటికీ పెట్టినవా?"

పెద్దాయన కూడా నవ్వాడు. "పోనీ తియ్యి బిడ్డా, వెనక కూసున్నోళ్లకు జర ఎలుగొస్తది."

కొడుకు ఒక్కడే నవ్వలేదు. వచ్చి నాకూ ఆ అద్దానికీ మధ్య నిలబడ్డాడు. "ఏం కాదక్కా, గట్లనే ఉండనియ్యి. సీటు అడ్డమొస్తది, కనబడది." నేను కాగితం చేతిలోకి తీసుకునేసరికి గొంతు బాగా తగ్గించాడు. "జర ఇడ్సిపెట్టక్కా."

అప్పుడు చూశాను, కుడి అద్దం చుట్టూ రబ్బరు కొత్తది, ఎడమది పాతది. నాకు అర్థమైంది. అర్థమయ్యాకే అతన్ని పక్కకు జరగమన్నాను. ఇది నేను ఎన్నిసార్లు తలచుకున్నా మారదు.

కుడి అద్దం ఆకారం ఎత్తి, తిరగేసి ఎడమదాని మీద పెట్టి, రెండు కాగితాలూ ఎండకు పట్టుకుని అందరికీ చూపించాను.

"ఇగో చూడున్రి. నా కొలత తప్పు కాదు. మీ జీపే వంకరున్నది. ఈ పక్క గట్టిగ గుద్దుకున్నది. ఫ్రేమును సాపు చేసి, ఆ వంకరకు తగ్గట్టు కొత్త అద్దం పెట్టిచ్చిన్రు. పద్నాలుగు మిల్లీమీటర్ల తేడా."

పెద్దాయన గ్లాసు కింద పెట్టి, కడుపు పట్టుకుని లేచి వచ్చాడు. కొత్త రంగు మీద అరచేత్తో మెల్లగా తడిమాడు.

"ఎప్పుడురా?"

"నువ్వు దవాఖానల ఉన్నప్పుడు బాపు. కల్వర్టు కాడ మేకలు అడ్డమొచ్చినయి. ఎవరికేం కాలే."

"ఫోన్ల రోజు అడిగితి గద. బండి పువ్వోలె ఉన్నదంటివి."

"నువ్వు ఫికర్ చేస్తవని."

"తాళం ఇటియ్యి."

"కుట్లు పచ్చిగున్నయి బాపు, ఇంటిదాక నన్నన్న నడపనియ్యి."

"నడిపెటోళ్లు మస్తుమంది ఉన్నరు," అన్నాడు పెద్దాయన. జీపుల అడ్డా నుంచి ఒక డ్రైవరును పిలిపించుకుని వెళ్లిపోయాడు. కొడుకును ఎక్కమనలేదు.

అతను మా బెంచీ మీదే కూర్చుండిపోయాడు. మంచినీళ్లు అడిగితే ఇచ్చాను. తాగి, నన్నేమీ తిట్టకుండా, మామూలుగా మాట్లాడినట్టు అన్నాడు. "ఇయ్యాల అన్న చేను కాడికెళ్లి వచ్చినంక, ఆయన ముంగట బాపుకు చెప్దామనుకున్న అక్కా."

ఏదో ఒకటి అనాలి. నా నోట వచ్చిన మాట ఇది: "ఇంకో ముక్క కోసిస్తా. పైసలొద్దు."

"ఎవరికక్కా?" అన్నాడు. బస్టాండు వైపు నడిచి పోయాడు. ఉస్తాద్ ఆ రోజంతా నాతో హాస్యమాడలేదు. నాకు మాత్రం, రాయడానికి సిగ్గుగా ఉంది, సాయంత్రం దాకా లోపల ఒక మూల తృప్తిగానే ఉండింది. తప్పు నాది కాదని తేలింది కదా.

మరుసటి ఫిబ్రవరిలో పెద్ద కొడుకు ఎవరిదో ఆటోకు నంబరు వేయించడానికి వచ్చి, ఉస్తాద్ జీపు సంగతి అడిగితే మిగతాది చెప్పాడు. నన్ను గుర్తుపట్టలేదు, లేదా పట్టనట్టు ఉన్నాడు. ఆ తర్వాత పనిచేసినన్నాళ్లూ రెండు పక్కల ఆకారాలూ విడివిడిగా ఎత్తాను. తేడా ఉన్న బండ్లు చాలా వచ్చాయి. ఎవరికీ చెప్పలేదు. దాంతో ఏదీ తిరిగి రాలేదు.

పోయినవి:

కుడివైపు ఫిల్ము ముక్క ఒకటి.

ఎర్ర అక్షరాల పేరు, కోసింది, అతికించనిది, ఒకటి.

జీపు. శ్రావణంలో అమ్మేశారు.

చిన్న కొడుకు. కూలీల జట్టుతో పుణె పోయాడు, మేస్త్రి కింద పనికి.

పెద్దాయన. కార్తీకంలో. చిన్నవాడు దినాలకు అందాడు గానీ, మట్టి వేయడానికి అందలేదు.