డాంబర్ రోడ్డు టైరు

నా చిన్నప్పుడు, ఏడో తరగతి పరీక్షలకు ఇంకా రెండు రోజులుందనగా, శనివారం పగలు పదకొండు గంటలకు, కరీంనగర్‌లో ఒక టైర్ల దుకాణం ముందు ఇది మొదలైంది.

మా మేనమామ మోటారు సైకిలు వెనుక టైరు అరిగి నున్నగా అయిపోయింది. సోమవారం నన్ను పరీక్షకు తీసుకుపోవలసింది ఆయనే. మా ఊరు గోదావరి అవతల, ఆదిలాబాద్ జిల్లాలో, నల్లరేగడి నేలల మధ్య. పరీక్ష జరిగే ఊరు పది కిలోమీటర్ల దూరం, అంతా మట్టి తొవ్వే. ఆ పరీక్ష తప్పితే ఇక బడి మానిపిస్తానని మా బాపు ముందే చెప్పి ఉన్నాడు.

మామ, నేను చూస్తుండగా దుకాణం సేటు రెండు టైర్లు దింపాడు. ఒకటి పాతదాని కొలతే, సన్నది. రెండోది లావుది. దాన్ని పక్కన నిలబెడితే బండికి కొత్తగా ఛాతీ వచ్చినట్టు కనిపించింది.

"ఏ తొవ్వల నడుపుతవన్నా? కచ్చ తొవ్వయితే సన్నదే తీస్కో. లావుదానికి మడ్‌గార్డు కింద జాగ సరిపోదు, బురద ఇరుక్కుంటది" అన్నాడు సేటు.

బెంచీ మీద ఇద్దరు పట్నం మనుషులు చాయ్ తాగుతున్నారు. అందులో ఒకాయన మా బండికి పట్టిన మట్టిని చూసి, "తమ్మీ, గీ బండితోని దుక్కి దున్నుతున్నవా?" అన్నాడు. రెండో ఆయన నవ్వాడు. మామ చెవులు ఎర్రబడ్డాయి.

"మాది డాంబర్ రోడ్డే. లావుదే ఎయ్యి" అన్నాడు.

నేను మామ ముఖంలోకి చూశాను. ఆయన నావైపు చూడలేదు.

ఆదివారం ఊరంతా వచ్చి ఆ టైరును తట్టి చూసిపోయింది. సాయంత్రం చెడగొట్టు వాన పడింది.

సోమవారం పొద్దున్నే బయలుదేరాం. ఊరి పొలిమేర దాటాక నల్లమట్టి టైరును పట్టుకుంది. పట్టుకున్నది రాలకుండా మడ్‌గార్డు కిందికి ఎక్కి గట్టిపడింది. చక్రం తిరగడం మానేసింది. మామ తుమ్మకట్టె విరిచి గీకాడు. బండి నాలుగు గజాలు కదిలి మళ్లీ ఆగింది. ఎన్నిసార్లు గీకాడో నేను లెక్కపెట్టలేదు, అప్పటికే ఏడుస్తున్నాను. చివరికి బండిని గట్టు మీద పడుకోబెట్టి, పన్నెండేళ్ల పిల్లనైన నన్ను భుజాల మీద ఎక్కించుకుని నడిచాడు. ఆయన చెప్పులు బురదలోనే ఉండిపోయాయి.

మేం చేరేసరికి పరీక్ష మొదలై గంట దాటింది. సారు గడియారం చూపించి తలుపు వేసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి అవ్వ వానను తిడుతూ ఉంది. బాపు నన్ను చూసి, "దేవుడే వద్దన్నడు. ఇగ సదువు చాలు" అన్నాడు. వాన మీదికి తోసేస్తే మామను అడిగేవాళ్లు ఎవరూ లేరు. అక్క మొగుడని బాపు ముందు గట్టిగా మాట్లాడే అలవాటు కూడా ఆయనకు లేదు. అయినా వాకిట్లో బురద కాళ్లతో నిలబడి చెప్పాడు:

"వాన తప్పు కాదు బావా. ఏ తొవ్వని సేటు అడిగిండు. నలుగురిల మన తొవ్వ చెప్పనీకి నాకు సిగ్గైంది, అబద్ధమాడిన. పిల్లకు పరీక్ష పోయింది నా వల్లనే. నా తప్పుకు దాన్ని బడి మానిపియ్యకు."

బాపు ఆ బురద కాళ్ల వైపు చూశాడు. తర్వాత, "గా బురదల్నే పుట్టినవ్, గా బురదల్నే పెరిగినవ్. ఏం సిగ్గురా నీకు?" అన్నాడు. లోపలికి పోబోతూ ఆగి, "మళ్ల ఏడు పోనియ్యి. కానీ నడిసి పోతది. నీ బండెక్కదు" అన్నాడు.

మరుసటి ఏడు నడిచే పోయాను, పాసయ్యాను. తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను.

ఒక పెద్ద మనిషి పిల్ల ఎదుట తన తప్పును తనదని చెప్పడం నేను చూసింది ఆ రోజే. మామ చెప్పకపోతే నా చదువు ఆ వాకిట్లోనే ఆగిపోయేది. ఇప్పటికీ దవాఖానలో డాక్టరు ఏం తింటావని అడిగినా, ఏ పని చేస్తావని అడిగినా, ఎదుటివాళ్లు ఏమనుకుంటారోనని మార్చి చెప్పను. ఉన్నదే చెబుతాను.

ఆ సోమవారం పోయినవి రెండు: మామ చెప్పుల జత, నా చదువులో ఒక ఏడాది.