వీడియోలోంచి తీసేసిన చెయ్యి

కేసు పెట్టడమే తప్పని ఇంకా ఎన్నాళ్ళు వాదిస్తారు? పట్నం పిల్లకు ఎద్దుల సంగతి ఏం తెలుసంటారు. రక్తం తెలుసు. ధరూర్ వైపు జాతరలో, బండలాగుడు పోటీలో, మేకు దిగిన ఎద్దు తొడ మీద నేను చూసింది రక్తమే. వీడియో తీసి పోలీసులకు పంపాను. మళ్ళీ చూస్తే మళ్ళీ పంపుతాను. ఇన్నేళ్ళుగా నా గుండె మీద కూర్చున్నది అది కాదు.

పంపే ముందు మొదటి భాగం కోసేశాను.

ఆ ఎద్దులు మా మేనమామవి. ఎద్దుల ఆసామి వేరు, పోటీలో వాటిని తోలేవాడు వేరు. బండ కదిలే ముందు ఆసామే కర్రకు మొక్కి తోలేవాడి చేతికిస్తాడు. మామ కూడా అలాగే ఇచ్చాడు, నేను కోసేసింది అదే. ఆ కర్ర కొనకు మేకు కొట్టింది కూడా ఆయనే. పొద్దున వాకిట్లో సుత్తి పట్టుకుని కూర్చుంటే చూశాను.

నా వీడియోలో మిగిలింది తోలేవాడు వీరన్న ఒక్కడే. కేసు ఆయన మీదే రాశారు. జరిమానా ఆయనకే పడింది. మామ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

వీరన్న మా మామ ఇంటికొచ్చి నన్ను గడప దగ్గరే ఆపాడు.

"ఫోన్ల నా మొఖం మంచిగనే వడ్డది బిడ్డా. మీ మామ ఏడ వాయె?"

"ఆయన ఫ్రేములో లేడు."

"గట్లనా! మరి కర్ర దానంతల అదే నడిసొచ్చి నా చేతుల కూసున్నదా?"

కోపమొచ్చింది. నాకే! "ఎద్దును కొట్టింది నువ్వే కదా" అని అరిచాను.

"కొట్టిన. కాదంటనా? ఇద్దరి పేర్లు రాయమంటున్న, గంతే."

ఆ తర్వాత ఏ ఆసామీ ఆయన్ను పిలవలేదు. కేసున్న మనిషి వెంట పోలీసులొస్తారని భయం. మామ కొత్తవాణ్ణి పెట్టుకున్నాడు.

ఎందుకు కోశాను? మామ మీద ప్రేమా? కాదు. పరాయివాడి మీద ఎంత గట్టిగానైనా అరవగలిగిన నేను, నా అన్న మీద కేసు పెట్టావేమే అని మా అమ్మ అడిగితే ఆవిడ ముఖం చూడలేనని నాకు ముందే తెలుసు, అందుకే ఒక్క వేలితో ఆ భాగాన్ని లేకుండా చేశాను.

అసలు వీడియో నా దగ్గరే ఉంది. ఈరోజు పోలీసులకు పంపాను, నేను కోసిన సంగతీ రాశాను. వీరన్నకు ఫోన్ చేసి చెప్తే, వింటూనే పెట్టేశాడు. ఆయన పని తిరిగి రాదు. అయినా ఇది బయట పెట్టాక కాస్త ఊపిరాడుతోంది.

సొంత మామ మీద కేసా అని ఇంట్లో అందరూ తిడుతున్నారు. మీరూ అదే అంటారా? అయితే చెప్పండి, ఆ మేకుతో పొడిచినవాడిది నేరమైతే, దాన్ని కర్రకు కొట్టి చేతికిచ్చినవాడిది కాదా?