ముందు చక్రానికి కుంకుమ

మా లలిత విమానాలు బాగుచేసే చదువు చదువుతానంది. బిలాస్‌పూర్ వ్యాగన్ షెడ్‌లో పనిచేసే మావారు ఒకటే షరతు పెట్టారు. "నాగ్‌పూర్ కాలేజీవోళ్లు పనికొస్తావంటే చేరు. నేదంటే ఇక్కడే ఐటీఐ." అది తేల్చుకోవడానికి తల్లీకూతుళ్లం నాగ్‌పూర్ బయలుదేరాం.

ఏడు కాకముందే రైలు కదిలింది. ఎదుటి సీట్లో రిటైరైన రైలు గార్డుగారు, శ్రీకాకుళం వైపు మనిషి.

"ఆడపిల్ల ఇమానం బిగిత్తాదేటమ్మా?"

"ఎవరు బిగించారని విమానం అడగదు కదా తాతగారూ!" అంది లలిత.

"అచ్ఛా! అయితే ఈ పులిహోర తిను, బలం కావాల." దేవుడి దయ, టిఫిను ఖర్చు తప్పింది.

పన్నెండుంపావుకు దిగి, స్టేషను ఎదుట ధర్మశాలలో సామాను పెట్టి, ఆటోలో కాలేజీకి వెళ్లాం. అక్కడి మాస్టారు హిందీలో చెప్పింది వెళ్లాలనుకునేవారి కోసం రాస్తున్నాను. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ ఉండాలి. రెండేళ్లు పాఠాలు, రెండేళ్లు పనిలో అనుభవం. కాలేజీ ఇచ్చే కాగితం వేరు, ప్రభుత్వం పరీక్షలు పెట్టి ఇచ్చే లైసెన్సు వేరు. ఆ లైసెన్సు వచ్చేదాకా మెకానిక్‌గా చేసిన పనికి లైసెన్సున్న ఇంకొకరు సంతకం పెట్టాలి.

తర్వాత మమ్మల్ని షెడ్డులోకి తీసుకెళ్లి, పాఠాలకు ఉంచిన చిన్న విమానం చూపించారు. "పావుగంటలో దీని చుట్టూ తిరిగి, తేడాగా కనిపించినవన్నీ రాసివ్వు" అన్నారు లలితతో.

లలిత అటు, మాస్టారు ఇటు వెళ్లగానే నా చెయ్యి ఊరుకోలేదు. విశ్వకర్మ పూజకు మావారి షెడ్‌లో స్పానర్ నుంచి క్రేన్ దాకా అన్నిటికీ బొట్టు పెడతారు. ఇంత పెద్ద వస్తువు బోసిగా ఉండడమేమిటి? సంచిలోని కుంకుమ నీళ్లతో తడిపి ముందు చక్రం దగ్గర బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.

మాస్టారు వచ్చి వంగి చూశారు. ఆయన మొహం మారిపోయింది. "ఎర్రగా తడి! నూనె కారుతోందా?" విమానం చక్రం పైన కుదుపులాపే గొట్టంలో నూనె ఎర్రగా ఉంటుందని నాకేం తెలుసు?

లలిత తలొంచుకుని కాగితం ఇచ్చింది. ఆయన పైకి చదివారు. "ఒకటి, టైరు అరిగింది. రెండు, రెక్క కింద స్క్రూ లేదు. మూడు, ముందు చక్రం దగ్గర ఎర్రటి తడి. నూనె కాదు. మా అమ్మ కుంకుమ."

నేను భూమిలోకి దిగిపోయాను.

"గుడ్డతో తుడిచేసి ఉంటే నాకు తెలిసేది కాదుగా?" అన్నారు మాస్టారు.

"తెలియకపోతే ఎలా సార్? తుడిచినా ముందు రాయాలి కదా."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "టైరూ స్క్రూ ఎవరైనా చూస్తారు. సొంత మనిషి చేసింది రాసేవాళ్లు ఈ పనికి కావాలి. చేరమ్మా."

తర్వాత నా చేతికి గుడ్డ ఇచ్చి తుడిపించి, ఆ విమానం రిజిస్టరు నా ముందు పెట్టారు. "ఈ పాఠాల విమానానికి సరిచేసినవాళ్లే సంతకం పెట్టాలి, మాతాజీ." బడి మొహం చూడని నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన మా అమ్మను తలుచుకుని, తెలుగులో గుండ్రంగా సంతకం పెట్టాను.

మర్నాడు తిరుగు రైలు గోందియా దాటుతుండగా మావారి ఫోను. "ఏటయ్యింది?"

"అమ్మ విమానానికి లీకేజీ పెట్టింది నాన్నా, నాకు సీటిచ్చారు!" అని చాడీ చెప్పింది లలిత.

చెప్పుకోనీ. విమానం రిజిస్టరులో సంతకం పెట్టాలంటే దానికి ఇంకా నాలుగేళ్లు పడుతుంది. భగవంతుడి దయవల్ల నాకు ఒక్క పూటలో అయిపోయింది.