మల్లేశం కలిపిన గ్రాఫైట్

నిన్న పటాన్‌చెరు బస్టాండులో ఒక బస్సు కీచుమంటూ ఆగింది. కాలిన బ్రేకు లైనింగు వాసన తగలగానే మల్లేశం గుర్తొచ్చాడు. ఆయన గురించి మా పాత కంపెనీకి ఎన్ని ఉత్తరాలు రాశానో! ఒక్కదానికీ జవాబు లేదు. వాళ్లు చదవరు కాబట్టి మీరైనా చదవండి.

డెబ్బైలలో గుంటూరు నుంచి వచ్చి, లారీలకు బ్రేకు లైనింగులు చేసే ఆ ఫ్యాక్టరీలో తనిఖీ పనిలో చేరాను. పొడులు కలిపే విభాగానికి మల్లేశం ఫోర్‌మన్. గ్రాఫైట్‌ను మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. అది పెన్సిలు ములుకులో ఉండే నల్లటి, నున్నటి తేలిక పొడి. డబ్బాతో కొలిస్తే తప్పుతుందని, కంసాలి త్రాసు తెచ్చుకుని తూచేవాడు. “ఎక్కువైతే జారతది, లేకుంటే కొరుకుతది, రావు సాబ్” అని నాతో అనేవాడు.

కొత్తగా వచ్చిన ఇంజనీరు ఆ త్రాసు చూసి నవ్వాడు. “ఏమయ్యా, బ్రేకు పట్టుకోవాలా, జారాలా? ఇదేమన్నా బండి ఇరుసా, కందెన పూయడానికి?” అందరం నవ్వాం. నేనూ నవ్వాను, ఆ తప్పు దాచుకోను. గ్రాఫైట్ మానేయమని ఆయన ఆజ్ఞ వేశాడు. నెల తిరక్కుండానే లారీవాళ్లు మీదపడ్డారు: బ్రేకులు అరుస్తున్నాయి, చక్రాల్లో లైనింగు రాసుకునే డ్రమ్ములు గీసుకుపోతున్నాయి. మల్లేశమే సరిగ్గా కలపలేదని ఇంజనీరు మెమో ఇచ్చాడు. ఇక ఉద్యోగం పోవడమే తరువాయి.

మల్లేశం మేనేజరు గదికి నన్ను కూడా తీసుకెళ్లాడు. “కాయిదాల మీద కొట్లాడుడెందుకు సార్? రెండు లారీలు నింపుండ్రి. ఒకదానికి ఇంజనీరు సార్ లైనింగు, ఒకదానికి నాది. సారు ఆయన దాంట్ల కూసుంటరు, నేను నా దాంట్ల కూసుంట.”

మేనేజరు సరే అన్నాడు. సంగారెడ్డి రోడ్డు వాలులో సున్నంతో గీత గీశాం. లారీలు దిగడం, ఆగడం, మళ్లీ ఎక్కడం. మొదట రెండూ గీత దగ్గరే ఆగాయి. డ్రమ్ములు వేడెక్కాక ఇంజనీరు లారీ కుదుపుతూ, అరుస్తూ గీత దాటి ఎక్కడికో పోయింది. మల్లేశం లారీ ప్రతిసారీ గీత మీదే నిలబడింది. లోపల మల్లేశం మాత్రం డ్యాష్‌బోర్డు పట్టుకుని బిగుసుకుపోయాడు.

“మల్లన్నా, ఇగ జెర దిగు, బండి ఆగింది!” అన్నాడు డ్రైవరు. మేం ఈలలు వేశాం.

తన లారీ డ్రమ్ము విప్పాక మల్లేశం లోపల వేలితో రుద్ది చూపించాడు. “గీ సన్న నల్లపొర సూడుండ్రి సార్. డ్రమ్మును కాపాడ్తది, వేడెక్కినా పట్టును ఒక్కతీరుగ ఉంచుతది. గంతే.” ఇంజనీరు తన లారీ డ్రమ్ములో వేలు పెడితే చాళ్లు తగిలాయి.

మర్నాటి నుంచి మళ్లీ గ్రాఫైట్ కలిపాం. ఆ తర్వాత నేను వేడి మీద పరీక్షించకుండా ఒక్క లైనింగునూ బయటికి పంపలేదు, ఎంత పెద్దవాడు నవ్వినా. అందరి ముందూ గెలిచిన మనిషి ఫైల్లో ఆ మెమో మాత్రం ఇప్పటికీ ఉంది. దాన్ని ఎవరు కొట్టేస్తారు, ఎప్పుడు కొట్టేస్తారు? కంపెనీవాళ్లే సంతకం పెట్టి చెప్పాలి.