ఈల గురువు

లోకంలో ఫుట్‌బాల్ రెండు రకాలు. మోకాళ్ళు పగలగొట్టుకుంటూ మైదానంలో ఆడేది ఒకటి, ఫ్యాను కింద కుర్చీలో జారగిలబడి కంప్యూటర్లో ఆడించేది ఇంకొకటి. మన రంగులాయన రెండో రకం. మొదటి రకం వాళ్ళంటే ఆయనకు పరమ చులకన. పరిగెత్తడం దూడలకు కూడా వచ్చు, బుర్ర వాడడంలోనే ఉంది గొప్పంతా అనేవాడు. ఆ బుర్రతో ఆయన నడిపే జట్టు నాలుగో అంచెలో అట్టడుగున పడి ఉంది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే కంప్యూటరే లెక్క తప్పు వేస్తోందనేవాడు. ఆడలేక మద్దెల ఓడు అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. అందులో చేరిన ప్రతివాడికీ ఒక క్లబ్బు ఇస్తారు. ఆటగాళ్ళంటే ఉత్త పేర్లూ అంకెలూ. వాళ్ళను కొనాలి, అమ్మాలి, సాధన చేయించాలి, వారానికోసారి ఎవరు ఎక్కడ నిలబడాలో నిర్ణయించాలి. మ్యాచ్ మాత్రం కంప్యూటరే ఆడుకుంటుంది, మనం గోళ్ళు కొరుక్కోవాలి. కొత్తవాడు ఈ అంకెల అడవిలో దారి తప్పి పారిపోకుండా, పాతవాళ్ళలో ఒకణ్ణి గురువుగా అంటగడతారు. అలా గురువైనవాడి పేరు పక్కన చిన్న పసుప్పచ్చ ఈల బొమ్మ ఉంటుంది. జీతం లేదు, భత్యం లేదు, ఆ ఈల ఒక్కటే. రంగులాయన ప్రాణమంతా ఆ ఈలలోనే ఉండేది.

పగలంతా ఆయన పెయింట్ల దుకాణంలో రంగులు కలుపుతాడు. తెల్లటి పెయింటు డబ్బా మూత తీసి మెషిన్ కింద పెట్టి, రంగుల కార్డు మీది నంబరు కొడితే సన్నటి గొట్టాల్లోంచి రంగులు చుక్కలు చుక్కలుగా పడతాయి. తర్వాత మూత బిగించి, గిలకొట్టే మెషిన్లో బిగించి, తలుపు వేయాలి. చేతి పనిలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. వచ్చిన చిక్కంతా నోటితోనే. ఎవరైనా ఒకావిడ వచ్చి, "లేతాకుపచ్చ కావాలండీ, అంటే మరీ లేత కాదు" అందనుకోండి.

"లేతాకుపచ్చలు ఇక్కడ బోలెడున్నాయమ్మా. నంబరు చెప్పాలి, నంబరు. అర్థమైందా?" అనేవాడు.

ఆవిడకు అర్థమయ్యేది. చక్కగా పక్క దుకాణానికి వెళ్ళిపోయేది. ఇలా నలుగురు పోయాక యజమాని ఆయన్ని కౌంటరు దగ్గర్నుంచి తీసేసి, వెనకగదిలో గోడకేసి తిరిగి నిలబడే చోట, మెషిన్ దగ్గర పెట్టాడు. ఆయన దాన్ని ప్రమోషన్ అనుకున్నాడు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. దుకాణంలో వినేవాళ్ళు కరువైపోవడంతో ఆయన తన లోకువనంతా మూటగట్టుకుని సాయంత్రం ఇంటికి తెచ్చి, ఆ ఆటలోని కొత్తవాళ్ళ నెత్తిన దులిపేవాడు. కొత్తవాళ్ళు కూడా ఏం తక్కువ తినలేదు లెండి. ఒకడు మంచి బేరం వచ్చిందని మొదటిరోజే ఉన్న ఒక్క గోల్‌కీపర్నీ అమ్మేసి, గోలు ఖాళీగా పెట్టుకుని మ్యాచ్‌కు దిగాడు. ఇంకొకడు పదిమందినీ ముందువరసలోనే నిలబెట్టి, వెనక ఎవరూ లేరేమిటని కంప్యూటర్‌ని తిట్టాడు. మరొకడైతే బంతి తన్నడానికి ఏ మీట నొక్కాలని అడిగాడు. వీళ్ళందరికీ రంగులాయన జవాబు ఇంచుమించు ఒకటే: "నీకు ఈ ఆట ఎందుకు నాయనా? వెళ్ళి నీళ్ళు మోసుకో. గోల్‌కీపర్ లేకుండా మ్యాచ్ ఆడరు. అర్థమైందా?"

నాయనలందరూ వెళ్ళిపోయారు. నీళ్ళు మోసుకున్నారో లేదో తెలియదు గానీ, ఆట మాత్రం మానేశారు. చివరికి ఆట నిర్వాహకుల దగ్గర్నుంచి సందేశం వచ్చింది. మీ శిష్యుల్లో ఒక్కరూ సీజన్ పూర్తిచేయలేదు, ఇప్పుడు పంపే శిష్యుడు కూడా మధ్యలో మానేస్తే మీ ఈల తీసేస్తాం అని దాని సారాంశం.

రంగులాయన ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. ఆయన భార్య అది చూసి ఎవరో పోయారనుకుంది.

ఆవిడ ఉద్యోగం ఏమిటంటే, ఒక ఫోన్ల కంపెనీలో ఫిర్యాదుల విభాగంలో చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని తిట్లు తినడం. సిగ్నల్ రాకపోయినా, బిల్లు ఎక్కువొచ్చినా, ఫోను కుక్క కొరికినా జనం ఆవిణ్ణే తిడతారు. "మీ ఇబ్బంది నాకు అర్థమైంది సార్" అని ఆవిడ మెత్తగా అంటుంది. ఎదుటివాడు చల్లబడతాడు. నోరు మంచిదైతే ఊరు మంచిది అనే సామెతను జీతానికి నిరూపిస్తున్న మనిషి ఆవిడ. ఆ నైపుణ్యం ఇంట్లో ఇన్నేళ్ళుగా పడి ఉన్నా, అది పనికొచ్చే వస్తువని మొగుడికి ఆరోజే తట్టింది.

"నేను చెప్తా, నువ్వు రాయి. కాస్త సున్నితంగా రాయి, మీ ఆఫీసులో మాట్లాడతావే, అలాగ" అన్నాడు.

"ఆటలో ఒకరి బదులు ఇంకొకరు రాయొచ్చా?" అని అడిగింది ఆవిడ.

"రాయకూడదనే ఉంది. ఎవడికి తెలుస్తుంది? కూర్చో."

కొత్త శిష్యుడు ఒక స్కూలు బస్సు డ్రైవరు. పొద్దున పిల్లల్ని దింపాక సాయంత్రం ఎక్కించుకునేదాకా ఖాళీ బస్సులో కూర్చుని ఫోన్లో ఈ ఆట ఆడతాడట. తన క్లబ్బుకు 'మెల్లగా' అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు చూడగానే రంగులాయన పెదవి విరిచాడు. మొదటి ప్రశ్న చూశాక నుదురు కొట్టుకున్నాడు. మెల్లగా జట్టులో ఒక ముసలి ఫార్వర్డ్ ఉన్నాడు, కాళ్ళలో సత్తువ అయిపోయినవాడు. "అందరూ అమ్మేయమంటున్నారు గురువుగారూ. ఈ వయసులో పాపం ఎక్కడికి పోతాడు? ఉంచుకోవచ్చా?" అని అడిగాడు డ్రైవరు.

"పాపమట! వాడు మనిషా? వాడొక అంకె! ఈ దద్దమ్మకు చెప్పు, ముసలాణ్ణి అవతల పారేసి కుర్రాణ్ణి కొనుక్కోమని. అర్థమైందా అని కూడా రాయి."

ఆవిడ అడిగింది. "పోనీ ఆ ముసలాయన్ని రెండో సగంలో దింపితే?"

"దింపితే ఏముంది, అప్పటికి అవతలివాళ్ళు అలిసిపోయి ఉంటారు కాబట్టి ఓ పావుగంట పనికొస్తాడు. మొదట్నుంచీ ఆడిస్తే చస్తాడు."

ఆవిడ రాసింది: "మీ ఆటగాడి మీద మీకు అభిమానం ఉండడం మంచిదే. ఆయన్ని మొదట్నుంచీ కాకుండా రెండో సగంలో దింపి చూడండి, ఎదుటివాళ్ళు అలిసి ఉంటారు. ఈలోగా ఒక కుర్రాణ్ణి కూడా తయారుచేసుకోండి. సరిగ్గా చెప్పగలిగానా?"

"ఈ చివరి ముక్కేంటి? నేనలా అనలేదే" అన్నాడు రంగులాయన.

"మీ 'అర్థమైందా'కి మా ఆఫీసు భాషలో అనువాదం అది. అర్థం కాకపోతే తప్పు వినేవాడిది కాదు, చెప్పేవాడిది. మాకు ట్రైనింగ్‌లో మొదటిరోజే చెప్తారు."

"మీ ట్రైనింగ్ తగలెయ్య" అన్నాడాయన. కానీ పంపమన్నాడు.

ముసలి ఫార్వర్డ్ ఆ వారం రెండో సగంలో దిగి గోలు కొట్టాడు. డ్రైవరు బస్సులో ఒక్కడూ కూర్చుని కేక పెడితే స్కూలు వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడట. ఆ కబురంతా పూసగుచ్చినట్టు రాశాడు. అప్పట్నుంచి ప్రతి సాయంత్రం ఇదే తంతు. రంగులాయన కుర్చీలో వెనక్కి వాలి బూతొక్కటే తక్కువగా తిట్టేవాడు, ఆవిడ ఆ తిట్లలోంచి రాళ్ళు ఏరి, మిగిలిన బియ్యాన్ని డ్రైవరుకు పంపేది. బియ్యం మంచివే. ఆయనకు ఆట తెలుసు, కాదనలేం. తన జట్టు దగ్గరికొచ్చేసరికి ఎవరి మాటా వినడు, తన మాట కూడా వినడు, అంతే. 'మెల్లగా' మెల్లగా పైకి పాకింది. సీజన్ చివరికొచ్చింది. ఇంకొక్క మ్యాచ్ గడిస్తే ఈల భద్రం.

సరిగ్గా అప్పుడే డ్రైవరు కృతజ్ఞత చెప్పుకున్నాడు. మంచివాళ్ళతో వచ్చే ప్రమాదమే ఇది, ఊరుకోరు.

ఆ సాయంత్రం ఆవిడ ఆఫీసు నుంచి వచ్చి నీళ్ళ ఫిల్టరు మూత తీయబోతుంటే రంగులాయన గదిలోంచి అరిచాడు. "ఎడమవైపు తిప్పాలి! ఎన్నిసార్లు చెప్పాలి? మట్టిబుర్ర. ఎడమవైపు, అర్థమైందా?" ఆవిడ ఎడమవైపే తిప్పుతోంది. నీళ్ళు తాగి, వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, వచ్చిన సందేశం పైకి చదివింది.

"గురువుగారూ, నేను ఎన్ని తెలివితక్కువ ప్రశ్నలు వేసినా మీరు ఒక్కసారీ విసుక్కోలేదు. ముఖం తెలియని నాతోనే ఇంత ఓర్పుగా మాట్లాడుతున్నారంటే, ఇంట్లో ఇంకెంత బాగా మాట్లాడతారో! మీ ఇంట్లోవాళ్ళు పెట్టిపుట్టారు."

ఆవిడకు నవ్వొచ్చింది. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది గానీ నీళ్ళు ఆగలేదు. పగలు ఊరి తిట్లు, సాయంత్రం మొగుడి తిట్లు. వాటిని ఉతికి ఆరేసి ఎవరికో మంచి మాటలుగా పంచుతోంది. తిరిగి తనకు మాత్రం ఒక్కటీ రాలేదు. ఆ సంగతి ఎవరో బస్సు డ్రైవరు చెబితే గాని తెలియనందుకు ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ పెట్టిపుట్టినవాళ్ళెవరో నాకు ఒకసారి చూడాలనుందండీ" అంది.

"సరే, సోది ఆపు. చివరి మ్యాచ్‌కి ముసలాణ్ణి మొదట్నుంచీ ఆడించి సాగనంపాలని ఉందట వాడికి, కింద అడిగాడు చూడు. వద్దని రాయి."

"మీరే రాసుకోండి."

"నేనా? ఈల పోతుంది!"

"పోతే పోనివ్వండి. కూత పెట్టడానికి ఈలే ఉండాలా, మీ నోరుంది కదా" అని లేచి, చెప్పులేసుకుని, వీధి చివర ఉన్న అక్కగారింటికి వెళ్ళిపోయింది.

రంగులాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇన్నాళ్ళూ చెప్పింది తనేగా, ఆవిడ రాసిందంతేగా, దానికింత టెక్కెందుకనుకున్నాడు. మెత్తగానే రాద్దామనుకున్నాడు కూడా, పాపం. ఒక వేలితో కొట్టుకుంటూ రాశాడు: "చూడు నాయనా. నీ జాలి కబుర్లు నా దగ్గర కాదు. ముసలాణ్ణి మొదట్నుంచీ ఆడిస్తే ఓడతావు. ఇది చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అర్థమైందా?" మళ్ళీ చదువుకుంటే ఆయనకు బాగానే ఉన్నట్టనిపించింది. దద్దమ్మ అనలేదుగా.

జవాబు డ్రైవరు దగ్గర్నుంచి రాలేదు. మర్నాడు సాయంత్రం ఆయన పని నుంచి వచ్చేసరికి నిర్వాహకుల దగ్గర్నుంచి వచ్చి ఉంది. మీ శిష్యుడు ఆందోళనగా మాకు రాశాడు, మా గురువుగారు ఎప్పుడూ ఇలా మాట్లాడరు, ఆయన అకౌంట్‌లోకి ఎవరో మర్యాద తెలియనివాడు చొరబడ్డాడు, ఆయన్ని కాపాడండి అని వేడుకున్నాడు. నిజంగా ఎవరైనా చొరబడి ఉంటే చెప్పండి, పాస్‌వర్డ్ మారుస్తాం, ఈలకు ఢోకా లేదు. అలా కాక, ఇన్నాళ్ళూ మీ పేరుతో రాసింది ఒకరూ, నిన్న రాసింది ఇంకొకరూ అయితే మాత్రం నియమం ప్రకారం ఈల పోతుంది.

రంగులాయన మూడుసార్లు చదివాడు. ఈల దక్కాలంటే దారి ఒక్కటే ఉంది. నిన్న రాసిన మనిషి తాను కాదనాలి. ఆ మర్యాద తెలియనివాణ్ణి తానెరగననాలి. అయినా ఈల అంటే ఈలే. అక్కగారింటి నుంచి తిరిగొచ్చిన భార్య వంటింట్లో ఉంది. అక్కడికి తొంగి చూసి, "ఏమేవ్, ఒక్కసారి వచ్చి నాలుగు ముక్కలు రాసిపెట్టవే" అన్నాడు.

"నాకు పనుంది" అంది ఆవిడ.

సరేనని తనే కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి ప్రతి మాటా ఆచి తూచి రాశాడు. "గౌరవనీయులైన నిర్వాహకులకు నమస్కారం. నిన్న రాసింది నేను కాదు. ఎవడో సంస్కారం లేని మూర్ఖుడు నా అకౌంట్‌లో దూరాడు. నేను శిష్యులతో ఎప్పుడూ ఓర్పుగానే మాట్లాడతాను. అటువంటి మనిషితో నాకు ఏ సంబంధమూ లేదు." ఇంత చక్కగా రాయగలనని తనకే తెలియదు. ఛాతీ ఉప్పొంగింది. ఆ ఊపులోనే పంపేశాడు.

చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆవిడ వెనక నిలబడింది. తెర మీద ఉన్నదంతా నెమ్మదిగా, చివరిదాకా చదివింది.

"పంపేశారా?" అంది.

"పంపేశా. ఎలా ఉంది?"

"బాగుంది. ఆఖరి మాట చూసుకున్నారా?"

రంగులాయన కళ్ళద్దాలు సరిచేసుకుని చూశాడు. తాను రాసిన చక్కటి వాక్యాలన్నిటి చివరా, వేలు తన అలవాటు కొద్దీ తానే కొట్టేసిన మాట ఒకటి ఉంది.

అర్థమైందా?