నత్త మేస్త్రి కాటా

ఊళ్ళో అందరికంటే నెమ్మదైన మనిషి ఎవరని అడిగితే, బడిపిల్లలు కూడా వర్క్‌షాపుల వీధి చివరనున్న రేకుల షెడ్డు వైపు వేలు చూపిస్తారు. ఆ షెడ్డు నత్త మేస్త్రిది. రోడ్డు దాటాలంటే ఆయన అటు ఒకసారి, ఇటు ఒకసారి, అనుమానం తీరక మళ్ళీ అటు ఒకసారి చూస్తాడు. వెనక వచ్చినవాళ్ళు ఈలోగా దాటేసి, పని చక్కబెట్టుకుని, తిరిగొస్తూ ఆయన్ని అక్కడే పలకరిస్తారు. ఆయన స్కూటరు వెనక కూర్చోవడం కంటే నడిచి వెళ్ళడం నయమని భార్య పెళ్ళైన కొత్తలోనే తేల్చేసింది. ఇంతకీ ఈయనగారి వృత్తి ఏమిటయ్యా అంటే, పందేల కార్లకు నైట్రస్ అనే గ్యాసు సీసాలు బిగించి వాటిని మరింత వేగంగా ఉరికించడం.

సీసా బిగించమని వచ్చిన ప్రతివాడూ ముందు ఆయన ఉపన్యాసం వినాలి. తప్పించుకునే దారి లేదు, ఎందుకంటే బండి తాళం అప్పటికే ఆయన జేబులో ఉంటుంది.

"ఇది పేలుడు మందు కాదు బాబూ. తనంతట తాను మండదు కూడా. ఇంజను వేడికి విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది, అంతే. ఆక్సిజన్ ఎక్కువైతే పెట్రోలు కూడా ఎక్కువ మండుతుంది, బండి దూకుతుంది. గ్యాసుకి తగ్గ పెట్రోలు అందకపోతే మాత్రం పిస్టన్ కరిగి ముద్దవుతుంది. అప్పుడు నా దగ్గరికొచ్చి ఏడవకు."

"అవన్నీ సరే మేస్త్రీ, పెద్ద జెట్టే పెట్టెయ్" అంటాడు వచ్చినవాడు. జెట్టు అంటే గ్యాసు ఇంజనులోకి వెళ్ళే ఇత్తడి ముక్క. దాని కన్నం ఎంత పెద్దదైతే అంత గ్యాసు.

"చిన్నదే పెడతాను. పదిసార్లు పరుగెత్తించి, ప్రతిసారీ ప్లగ్గులు ఊడదీసి, మాడాయేమో నాకు చూపించు. అప్పుడు మాట్లాడదాం."

వచ్చినవాడు తల పట్టుకుంటాడు. మేస్త్రి మాత్రం తాపీగా టీ చల్లారబెట్టుకుంటాడు. ట్రాకు మీద తప్ప వీధుల్లో గ్యాసు వాడనని మాట ఇవ్వాలి. సీసా ఒత్తిడి పెరిగితే గ్యాసు బయటికి పోయే గొట్టం కారు లోపల కాదు, వెలుపలికే ఉండాలి. చివరికి, పరుగు ముందు కారు కిటికీ దగ్గర నిలబడి ఆయన అడిగే మూడు ప్రశ్నలకూ జవాబులు అప్పజెప్పాలి.

"స్టీరింగు?"

"నేరుగా ఉండాలి."

"పెడలు?"

"నేలకి ఆనాలి."

"ఏ మాత్రం తేడా కొట్టినా?"

"కాలు తీసెయ్యాలి."

గడ్డాలు నెరిసినవాళ్ళు కూడా బడిపిల్లల్లా ఇది వల్లించి బయటపడేవాళ్ళు. వల్లించేటప్పుడు నవ్వితే మళ్ళీ మొదటినుంచి చెప్పాలి.

ఇక షెడ్డు మూలన ఉన్న కాటా సంగతి. సీసాకి గేజీ ఉంటుంది గానీ అది లోపలి ఒత్తిడినే చెబుతుంది. ఎంత గ్యాసు వాడామో తెలియాలంటే పరుగుకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి సీసాని తూచి చూడాల్సిందే. ఆ తూకం మేస్త్రి ఇంకెవరికీ అప్పగించడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, నడుం వంచి, ముల్లు ఊగడం పూర్తిగా ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూస్తాడు. ఎవరైనా తొందరపడి అంకె చదివితే, వినపడనట్టు మళ్ళీ మొదలుపెడతాడు. ట్రాకుకి వెళ్ళే రోజున ఆ కాటాని దుప్పటిలో చుట్టి వ్యానులో ఒళ్ళో పెట్టుకుని మరీ కూర్చుంటాడు.

ఇలాంటి మనిషి పరుగెత్తగా చూసినవాడు ఒక్కడే, ఆయన బావమరిది. ఒక చలికాలం పొద్దున సీసా చల్లబడి ఒత్తిడి చాలకపోతే, కరెంటు దుప్పటి చుట్టి మెల్లగా వేడెక్కించడం ఎందుకని ఆ మహానుభావుడు బ్లో లాంపు వెలిగించి, ఆ మంట పట్టుకుని సీసా దగ్గరికి వచ్చాడు. షెడ్డు ఆ చివర టీ తాగుతున్న మేస్త్రి గ్లాసు ఎక్కడ పడేశాడో, మధ్యలో ఉన్న రెండు ఇంజన్లను ఎలా దాటాడో ఎవరికీ తెలియదు. బావమరిది కళ్ళు తెరిచేసరికి లాంపు వీధిలో ఉంది, తను నేల మీద ఉన్నాడు, బావ తన ఛాతీ మీద ఉన్నాడు.

"ఒరేయ్, సీసా పేలితే నీ అక్కకి నేనేం చెప్పను?" అన్నాడట మేస్త్రి రొప్పుతూ.

"ముందు నువ్వు లే బావా, ఊపిరాడక పోయేలా ఉన్నాను" అన్నాడట వాడు.

మేస్త్రికి ఒక్కతే కూతురు. అందరూ అమ్మడు అంటారు. నడక తల్లిది, చెయ్యి తండ్రిది. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ షెడ్డులోనే పెరిగింది. చదువు అయ్యాక వేరే ఉద్యోగం చూసుకోమంటే, "ఇక్కడ లేనిది అక్కడేముంది నాన్నా?" అని స్పానరు అందుకుంది. ఎవరో వదిలేసిన పాత కారును కొనుక్కుని, ఇంజను విప్పి, కడిగి, బిగించి, దానికి నైట్రస్ కూడా తనే అమర్చుకుంది. మేస్త్రిని ఒక్క నట్టు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

పని మొత్తం అయ్యాక అసలు కథ మొదలైంది. ట్రాకుకి వెళ్తానని అమ్మడు అన్నప్పుడల్లా మేస్త్రికి ఏదో ఒకటి గుర్తొచ్చేది. ఒకసారి గొట్టం పాతదన్నాడు. గొట్టం మారిస్తే ప్లగ్గుల రంగు నచ్చలేదన్నాడు. ప్లగ్గులు మారిస్తే వాన పడేలా ఉందన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"మీ నాన్న నిన్ను పంపేసరికి ఆ కారు మ్యూజియంలోకి వెళ్తుందే" అంది తల్లి.

చివరికి సాకులన్నీ అయిపోయి మేస్త్రి ఒప్పుకున్నాడు. ఆ మాట వినగానే అమ్మడు ఆయన మెడ పట్టుకుని ఊపేసింది. మేస్త్రి నవ్వాడు గానీ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

ఆ రోజు ట్రాకు దగ్గర ఆమెకు రెండు పరుగులు. మొదటిది సాధనకి, రెండోది లెక్కలోకి వచ్చేది. మైకు బావమరిది చేతిలో ఉంది. "మా మేనకోడలు వస్తోంది, కళ్ళు మూసుకోకండి!" అని మొదటి పరుగుకి ముందే గొంతు పోగొట్టుకున్నాడు. మేస్త్రి కిటికీ దగ్గర నిలబడి మూడు ప్రశ్నలూ మూడుసార్లు అడిగాడు. అమ్మడు మూడుసార్లూ నవ్వకుండా చెప్పింది. గేజీ సరిగ్గా ఉంది. గొట్టంలో గాలి లేకుండా గ్యాసు కొద్దిగా వదిలితే బానెట్టు పక్కన తెల్లటి పొగ ఎగసింది. గీత దగ్గర పచ్చదీపం వెలిగింది, కారు ఉరికింది.

బోర్డు మీద టైము చూసి బావమరిది మైకు చేత్తో మూసేశాడు. గ్యాసు లేకుండా పరుగెత్తే అలాంటి కార్లకి వచ్చే టైమే అది.

అమ్మడు మొహం చిన్నబోయింది. అయినా తండ్రి నేర్పిన వరస తప్పలేదు. ముందు ప్లగ్గులు చూసింది, శుభ్రంగా ఉన్నాయి. సీసా తీసి కాటా మీద పెట్టి, "నాన్నా, తూకం" అని పిలిచింది. కాటాని ఇంకెవరికీ వదలని మనిషి ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"చెయ్యి ఖాళీ లేదు అమ్మడూ" అన్నాడు. ఆయన రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి.

అమ్మడే వంగి ముల్లు చూసింది. పొగగా వదిలిన ఆ కాస్త తప్ప సీసా పొద్దున్న ఎంత ఉందో అంతే ఉంది. ఇంజనులోకి చుక్క గ్యాసు వెళ్ళలేదు. ఆమె లేచి కారులో ఫ్యూజు పెట్టె తెరిచింది. గ్యాసుని ఇంజనులోకి వదిలే వాల్వు ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీ.

"నాన్నా, జేబులోంచి చెయ్యి తియ్యి."

మేస్త్రి చెయ్యి తీశాడు. అరచేతిలో చెమటకు తడిసిన ఫ్యూజు ఉంది.

"భయం వేసింది తల్లీ" అన్నాడు, దాచుకోకుండా. "ఇంతమందికి బిగించాను. ఎవరి బండిలోనూ నా ప్రాణం కూర్చోలేదు."

"మరి వాళ్ళందరికీ ఫ్యూజు పెట్టే పంపావుగా?"

"ఆ బండ్లు నేను బిగించాను..."

మాట నోరు దాటాక గానీ అదేం మాటో ఆయనకి తెలియలేదు. అమ్మడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇది నేను బిగించాను. అంతేనా తేడా? పొద్దుటినుంచి రాత్రిదాకా పక్కన నిలబెట్టుకుని నేర్పింది నువ్వే కదా. నా పని మీద నమ్మకం లేనప్పుడు ఇక నీ షెడ్డులో నేనేం చెయ్యను?" ఆమె మొహం తుడుచుకుని సీసాని మళ్ళీ కారులో బిగించింది. "ఆ ఫ్యూజు నేను పెట్టుకోను నాన్నా. పెడితే నువ్వే పెట్టు. లేదంటే ఇలాగే వెళ్ళొచ్చి, రేపటినుంచి వేరేచోట పని చూసుకుంటాను."

కారు వరసలోకి వెళ్ళిపోయింది. మేస్త్రి పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు. ఇదంతా గొడుగు కింద కూర్చుని చూస్తున్న భార్య లేచి ఆయన పక్కకు వచ్చింది.

"పొద్దున దాని పని అంతా చూశారు కదా. ఎక్కడైనా తప్పు దొరికిందా?"

"దొరకలేదు. మూడుసార్లు చూశాను. నాకంటే బాగా బిగించింది."

"రోడ్డు దాటేటప్పుడూ మూడుసార్లు చూస్తారు, బాగానే ఉంది. చూశాక దాటాలి కదండీ!"

మేస్త్రి ఆమె మొహంలోకి చూశాడు. వరసలో అమ్మడి ముందు ఇంకొక్క కారే ఉంది.

"అరెరే, మా బావ పరుగెత్తుతున్నాడు!" అని మైకులోంచి కేక వినపడింది. "చూడండి, చూడండి, ఇది జన్మకి రెండోసారి!" జనం కార్లని వదిలేసి ఇటు తిరిగారు. ఒక చేత్తో కళ్ళజోడు, ఒక చేత్తో ఫ్యూజు పట్టుకుని, చెప్పు ఒకటి దారిలో వదిలేసి మేస్త్రి కారు చేరుకున్నాడు. తలుపు తెరిచి, ఫ్యూజుని దాని చోట నొక్కాడు. అది టక్కున కూర్చుంది.

అమ్మడు కళ్ళు తుడుచుకుని, "స్టీరింగు నేరుగా..." అని అప్పజెప్పడం మొదలుపెట్టింది.

"నీకు తెలుసులే" అన్నాడు మేస్త్రి. "వెళ్ళు."

పచ్చదీపం వెలిగింది. ఈసారి కారు వెళ్ళిన తీరు చూసి బావమరిది మైకు పక్కన పెట్టేసి చప్పట్లు కొట్టాడు, అది కూడా జన్మకి ఒకసారే. బోర్డు మీద టైముకి జనం ఈలలు వేశారు. మేస్త్రి బోర్డు చూడలేదు. దూరాన కారు నెమ్మదించి, పక్కకు తిరిగి, తలుపు తెరుచుకుని, కూతురు తన కాళ్ళ మీద తాను దిగేదాకా ఊపిరి బిగబట్టి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

అమ్మడు తిరిగొచ్చి సీసాని కాటా మీద పెట్టింది. మేస్త్రి అలవాటుగా కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని వంగాడు. మళ్ళీ తీసి తుడిచాడు. ఎంత తుడిచినా ముల్లు మసగ్గానే ఉంది.

"నాకు కనబడటం లేదు అమ్మడూ" అన్నాడు. "నువ్వే చదువు."