కొత్తమ్మాయి వినకూడని కథ

ఆసుపత్రి లాండ్రీలో అందరూ ఆమెని పెద్దక్క అనేవాళ్ళు. ఐదుగురు పిల్లల్లో పెద్దది కాబట్టి ఇంట్లో పడిన పేరు, ఉద్యోగంలోకి కూడా వెంటబడి వచ్చింది. మనిషి బక్కపలచన, నోరు మాత్రం గట్టిది. తడి దుప్పట్ల బండి తోసుకుంటూ వచ్చిందంటే ఎదురొచ్చిన డాక్టర్లు కూడా గోడకి అంటుకుపోయేవాళ్ళు.

ఆమె పెరిగింది రేవు పక్క వీధిలో. యుద్ధం ఎక్కడో జరుగుతోందనీ, తమ దాకా రాదనీ అందరూ ధీమాగా ఉన్న రోజులవి. ఒక సెలవురోజు పొద్దున్న, చెప్పాపెట్టకుండా శత్రువుల విమానాలొచ్చి రేవులో లంగరేసిన ఓడల మీద పడ్డాయి. పెద్దక్క తమ్ముడు, ఇంట్లో చిన్నోడు అనేవాళ్ళు, అక్కడ ఓడలకి రంగులేసే పని చేసేవాడు. ఆ పొద్దున్న వాడు వెళ్ళనని ముసుగు తన్నాడు.

"సెలవురోజు కూడా ఏంటే అక్కా, ఒళ్ళు హూనమైపోయింది."

పెద్దక్క దుప్పటి లాగేసింది. "వస్తానని మేస్త్రీకి మాటిచ్చావా లేదా? లే, సోమరిపోతా!"

వాడు గొణుక్కుంటూ లేచి, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే మెట్లు దిగాడు. పొయ్యి మీద రెండోసారి పెట్టిన టీ నీళ్ళు మరుగుతుండగా కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఉరుమనుకున్నారు. సైన్యం వాళ్ళు ఏదో కసరత్తు చేస్తున్నారనుకున్నారు. రేవు మీద నల్లటి పొగ లేచాక గానీ ఎవరికీ అర్థం కాలేదు. చిన్నోడు ఎక్కిన ఓడ మధ్యాహ్నానికి నీటి అడుక్కి పోయింది. శవం కూడా దక్కలేదు.

ఇంట్లో ఎవరూ పెద్దక్కని పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది. అమ్మయితే "వాడి రాత అంతే" అని ఊరుకుంది. పెద్దక్క తన తప్పునంతా మూటగట్టి శత్రువుల నెత్తిన పెట్టింది. వాళ్ళు ఎంత దుర్మార్గులైతే తన బరువు అంత తగ్గేది. వాళ్ళ ఊళ్ళు తగలబడుతున్నాయని రేడియోలో చెప్తే చెవులు రిక్కించి వినేది.

కొన్నేళ్ళకి, ఒకే ఒక్క బాంబుతో వాళ్ళ ఊరొకటి తుడిచిపెట్టుకుపోయిందనీ, ఆ వెంటనే వాళ్ళు చేతులెత్తేశారనీ కబురొచ్చింది. వీధిలో అందరికంటే ముందు గడప దాటింది పెద్దక్కే. బట్టలుతికే ఇనప తొట్టి బోర్లించి, దాని మీదెక్కి గంతులేసింది. "కాలిపోయారు! కాలి బూడిదైపోయారు!" అని గొంతు చించుకుని అరిచింది. వీధంతా అందుకుంది.

ఆ జనంలో ఒక కుర్ర సిపాయి ఉన్నాడు. శత్రుదేశం మీదకి దండెత్తే ఓడ ఎక్కాల్సినవాడు, ఇక ఎక్కక్కర్లేదు. తొట్టి మీద ఆమె కాలు జారితే గబుక్కున పట్టుకున్నాడు. ఏడాది తిరక్కుండా మొగుడయ్యాడు. రేవులో క్రేన్ నడిపే పనిలో కుదురుకున్నాడు.

ఇంట్లో ఆ కథ చెప్పనిదే ఏ వేడుకా గడిచేది కాదు. "ఆ రోజు నా చేతుల్లో పడింది, ఇప్పటిదాకా దింపనిస్తేగా!" అని ఆయన అనడం, పిల్లలు పగలబడి నవ్వడం, "చాల్లెండి మీ వేళాకోళం" అని పెద్దక్క సిగ్గుపడటం. కొత్తమ్మాయి ఆ ఇంటి గడప తొక్కేదాకా అలాగే సాగింది.

కొత్తమ్మాయి ఆ శత్రుదేశపు మనిషి. ఓడలో వంటవాణ్ణి పెళ్ళాడి ఈ ఊరొచ్చి, అతను పోయాక లాండ్రీలో చేరింది. ఎన్నేళ్ళు పనిచేసినా, జుట్టు నెరిసినా, పేరు మాత్రం కొత్తమ్మాయే. మొదట్లో పెద్దక్క ఆమె ముఖం చూసేది కాదు. కానీ దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. చెరో అంచు పట్టుకుని లాగి, దులిపి, ఒకరి వైపు ఒకరు నడిచొచ్చి అంచులు కలపాలి. రోజంతా ఎదురెదురుగా నడిచొచ్చే మనిషిని ఎన్నాళ్ళని చూడకుండా ఉంటావు?

ఆవిరికి అందరూ జాకెట్ చేతులు పైకి మడుచుకుంటే, కొత్తమ్మాయి మాత్రం మణికట్టు దాకా నిండు చేతులు వేసుకునేది. ఒకరోజు బ్లీచింగ్ నీళ్ళు ఒలికి చెయ్యి తడిసిపోతే, పెద్దక్కే పరుగున వెళ్ళి ఆ గుడ్డ పైకి లాగింది. కింద చర్మం లేదు. అంటే ఉంది, కానీ కరిగి, ముడుచుకుపోయి, మెరుస్తోంది.

"ఇదెక్కడిది?"

కొత్తమ్మాయి తన ఊరి పేరు చెప్పింది. అంతే.  ఆ ఊరి పేరు పెద్దక్కకి తెలుసు. తొట్టి మీదెక్కి అరిచింది ఆ పేరు వినే.

ఆ రోజు నుంచి పెద్దక్క ఆమెని కడుపులో పెట్టుకుని చూసుకుంది. బరువు బండ్లు తనే తోసేది. సూపర్‌వైజర్ విసుక్కుంటే ఆయన మీదకి లేచేది. ఇంటి నుంచి ఏం తెచ్చినా సగం పంచేది. "పూర్వజన్మలో నాకేమైనా బాకీ పడ్డావా అక్కా?" అని కొత్తమ్మాయి నవ్వేది. ఆ మాటకి పెద్దక్క ముఖం తిప్పుకునేది. ఇంటికి మాత్రం ఒక్కసారి కూడా పిలవలేదు. ఇంట్లో ఆ కథ ఉంది.

చివరికి పెద్దక్క రిటైరయ్యే రోజొచ్చింది. కూతురు పట్టుబట్టింది. "ఇన్నాళ్ళు నీతో చేసినావిడని భోజనానికి పిలవకపోతే ఏం బాగుంటుందమ్మా?" తప్పలేదు. ముందురోజు మొగుడితో అంది, "ఏవండీ, రేపు ఆ తొట్టి కథ ఎత్తకండి." ఎందుకని ఆయన అడగలేదు, ఆమె చెప్పనూలేదు. ఆడవాళ్ళ సిగ్గనుకున్నాడు.

భోజనాలు బాగానే మొదలయ్యాయి. అల్లుడు బళ్ళో చరిత్ర పాఠాలు చెప్తాడు. ఆ వారం పిల్లలకి వక్తృత్వపు పోటీ పెట్టానని మాట కదిపాడు. అంశం, యుద్ధం ఎలా ముగిసింది. పెద్దక్క గబగబా గరిటె అందుకుంది.

"నిజానికి మామయ్యగారూ, ఆ బాంబు అక్కర్లేదు. వాళ్ళ ఓడలన్నీ మునిగాయి, తిండికి కటకట. రాయబారాలు కూడా పంపుతున్నారు. కొన్ని వారాలు ఆగితే ఎలాగూ లొంగేవాళ్ళు."

"ఆగేదెవరయ్యా? నువ్వా? సంచీ సర్దుకుని రేవులో నిలబడ్డవాణ్ణి నేను. మా పటాలంలో సగం మంది తిరిగిరారని మా అధికారే చెప్పాడు."

"సిపాయిల సంగతి వేరు. పసిపిల్లలు, ముసలివాళ్ళు ఏం చేశారండీ?"

"మా బావమరిది ఏం చేశాడు? బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడు!"

"కూర వడ్డించనా?" అంది పెద్దక్క. ఎవరూ వినిపించుకోలేదు.

"ఆ బాంబే పడకపోతే" ఆయన ముఖం వెలిగింది, "నేను సముద్రంలో చేపలకి మేతయ్యేవాణ్ణి. నువ్వు ఎవరి కూతుర్ని చేసుకునేవాడివోయ్?" అందరూ నవ్వారు. ఆ నవ్వుతో ఆయన నోటికి పగ్గాల్లేకుండా పోయాయి. సిపాయి, వీధి, తొట్టి, గంతులు, కాలు జారడం, అన్నీ చెప్పేశాడు.

"ఏమని అరిచింది?" అని అడిగింది కొత్తమ్మాయి. మామూలుగానే అడిగింది.

"కాలిపోయారు, బూడిదైపోయారు అని! వీధి చివరిదాకా వినిపించింది."

కొత్తమ్మాయి పళ్ళెంలోకి చూసింది. "అప్పటికి మా అమ్మ ఇంకా పోలేదు. వారం తర్వాత పోయింది."

ఆమె ఏ దేశపు మనిషో, ఏ ఊరిదో ఆ ఇంట్లో పెద్దక్కకి తప్ప ఎవరికీ తెలీదు. ఆ ఒక్క మాటతో అందరికీ తెలిసిపోయింది. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కొత్తమ్మాయి మాత్రం పళ్ళెంలో ఉన్నది నెమ్మదిగా తినేసి, లేచి, తన గిన్నెలు తనే వంటింట్లోకి తీసుకెళ్ళింది.

పెద్దక్క తేలు కుట్టిన దొంగలా వెనకే వెళ్ళింది.

"అందుకేనా అక్కా ఇన్నాళ్ళు పిలవలేదు?"

"ఊఁ."

"నన్ను నెత్తిన పెట్టుకుని చూసింది కూడా అందుకేనా?"

కాదని అనబోయింది.  "మొదట్లో అందుకే. తర్వాత... ఏమో, నాకే తెలీదు."

కొత్తమ్మాయి కొళాయి తిప్పింది. "మీ రేవు మీద దాడి చేశామని చెప్పిన రోజు మా బళ్ళో సెలవిచ్చారు. చేతికో కాగితం జెండా ఇచ్చారు. నేనూ అరిచాను, ఏమని అరిచానో గుర్తులేదు."

"నువ్వు పసిదానివి. నాకు ఇరవై దాటాయి. తెలిసే అరిచాను."

"లెక్క సరిపెడదామని చెప్పలేదులే" అంది కొత్తమ్మాయి. చేతులు తుడుచుకుని, వెళ్ళొస్తానని అందరికీ చెప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆయన తల పట్టుకున్నాడు. "ముందే చెప్పి ఉంటే చచ్చినా నోరెత్తేవాణ్ణి కాదు కదే!"

"చెప్పాలంటే నేనేం అరిచానో నేనే చెప్పుకోవాలి కదండీ. మీరు చెప్తే నవ్వొస్తుంది. నేను చెప్తే ఏమొస్తుంది?"

ఆయన మళ్ళీ ఆ కథ ఎత్తలేదు. మామాఅల్లుళ్ళ వాదన మాత్రం తెగలేదు. ఎప్పుడైనా "నువ్వు చెప్పవే" అని ఆమె వైపు తిరిగితే, "ఆ బాంబు పడబట్టే మీరంతా ఈ బల్ల చుట్టూ ఉన్నారు. పడకూడదని అనడానికి నోరు రాదు. పడాలని అనడానికి అసలే రాదు. నన్ను అడక్కండి" అని లేచిపోయేది. చిన్నోడి ముసుగు లాగిన సంగతి వాళ్ళెవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

కొత్తమ్మాయి కొన్నాళ్ళు ఎదురుపడినా తలూపి వెళ్ళిపోయేది. చలికాలంలో ఊపిరితిత్తులకి నెమ్ము చేసి అదే ఆసుపత్రిలో పడిందని లాండ్రీవాళ్ళు చెప్తే, పెద్దక్క కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళింది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూచుంది.  దుప్పటి ఇస్త్రీ సరిగ్గా లేదని లాండ్రీలో కొత్తగా చేరినవాళ్ళని ఇద్దరూ కాసేపు తిట్టిపోశారు.

మందుల కోసం వచ్చిన నర్సు అడిగింది, "మీరు ఈవిడకి ఏమవుతారు?"

"అక్కని" అంది పెద్దక్క.

 అనడానికి తనకేం హక్కుంది? మంచం వైపు చూడలేక నేల చూపులు చూసింది. కొత్తమ్మాయి వినే ఉంటుంది. కాదనలేదు. అవుననీ అనలేదు. కాసేపటికి దగ్గి, మంచినీళ్ళు అడిగింది. పెద్దక్క గ్లాసు నోటికి అందించింది.